కారు మోడల్ కట్టడం నేర్చుకుందాం – 4వ పాఠం: బాడీకి రంగు

గత పాఠంలో చాసిస్, చక్రాల దగ్గర ఆగాం. ముందుకు వెళ్లేముందు మీ చాసిస్‌ని ఒక అద్దం ముక్క మీద పెట్టి చూడండి. నాలుగు చక్రాలూ అద్దానికి ఆనాలి. ఏదైనా చక్రం కింద కాగితం ముక్క సులువుగా దూరిపోతే అక్కడ ఇరుసు సరిగ్గా కూర్చోలేదని అర్థం. ఇప్పుడే సరిచేసుకోండి. బాడీ ఎక్కించాక అక్కడికి వేలు పోదు.

ఈరోజు బాడీ సంగతి. మనం కడుతున్నది జపాన్ మోడళ్ల కంపెనీ తమియా వారి 1/24 (అంటే అసలు కారులో 24వ వంతు) ఫోక్స్‌వాగన్ 1300 బీటిల్, 1966 మోడల్. అసలు కారు పొడవు నాలుగు మీటర్ల పైచిలుకు, మన చేతిలో ఉన్నది 17 సెంటీమీటర్లు. ఈ పాఠంలో మీరు గుర్తుపెట్టుకోవాల్సిన అంకె ఒకటే: 24. బాడీ మీద మీకు ఏది కనబడినా దాన్ని 24తో హెచ్చవేసి చూడండి. తల వెంట్రుక మందం సుమారు 0.07 మి.మీ. ఉంటుంది. అది తడి రంగులో పడిందంటే, అసలు కారు మీద మిల్లీమీటరున్నర పైన లావున్న తీగ అంటుకుపోయినట్టే.

రంగుకీ ఇదే లెక్క. అసలు కారుకి ఫ్యాక్టరీలో వేసే పొరలన్నీ కలిపినా 0.1 మి.మీ. చిల్లరే ఉంటాయి. మనం డబ్బాతో స్ప్రే చేసే ప్రైమరు (రంగు పట్టడానికి ముందు వేసే అడుగు పొర), రంగు, క్లియరు (మెరుపు కోసం పైన వేసే పారదర్శక పొర) కలిసినా ఇంచుమించు అంతే అవుతాయి. అంటే 24తో హెచ్చవేస్తే మన బీటిల్ మీద రెండున్నర మిల్లీమీటర్ల మందాన రంగు ఉన్నట్టు! అసలు కారులో తలుపు చుట్టూ ఉండే సందు నాలుగైదు మిల్లీమీటర్లు, మన కొలతలో 0.2 మి.మీ. దానికి రెండు అంచుల నుంచీ 0.1 చొప్పున రంగు పూస్తే ఇంక మిగిలే సందేముంది? కొత్తగా మొదలుపెట్టినవాళ్ల కార్లు సబ్బుతో చెక్కినట్టు కనబడేది అందుకే. తప్పు రంగులో లేదు, రంగు వేయకముందు చేయాల్సిన పని చేయకపోవడంలో ఉంది. అందుకే ఈ పాఠంలో సగం రంగు డబ్బా మూత తీయకముందు జరిగే పనే.

గోరుతో వెతకండి

ప్లాస్టిక్ బాడీని అచ్చులో పోసినప్పుడు అచ్చు పలకలు కలిసే చోట సన్నటి గీత ఒకటి పొంగి ఉంటుంది. దీన్ని మౌల్డ్ లైన్ అంటారు. అసలు కారుకి ఇది ఉండదు. మామూలు చూపుకి ఆనదు కానీ మెరిసే రంగు పడిన మరుక్షణం కొట్టొచ్చినట్టు కనబడుతుంది. కిటికీ వెలుతురులో బాడీని మెల్లగా తిప్పుతూ, దాని మీద పడే వెలుగు గీతను చూడండి. ఎక్కడ ఆ వెలుగు చిన్నగా విరిగితే అక్కడ గోరు అడ్డంగా లాగండి, తగులుతుంది. సాధారణంగా మడ్‌గార్డుల నెత్తిన, కిటికీ స్తంభాల మీద, బాడీ నాలుగు మూలల్లో ఉంటుంది.

కట్టర్ బ్లేడు పదునుతో కాకుండా వీపుతో ఆ గీతను గీకండి. పొడి పొడిగా రాలుతుంది. తర్వాత 600 నంబరు వాటర్ పేపరు తడిపి రుద్దండి, ఆపైన 1000. వేలు కింద పేపరు పెట్టి రుద్దితే గుండ్రటి చోట పల్లం పడుతుంది. బీటిల్ అంతా గుండ్రమే కాబట్టి, పేపరు వెనక మెత్తటి స్పాంజి ముక్క పెట్టుకోండి. ప్లాస్టిక్ కుంగిన గుంటలు కనబడితే మోడల్ లప్పం పల్చగా పట్టించి, మర్నాడు రుద్దండి. గోడలకు వాడే లప్పం వద్దు, పెచ్చులుగా లేచిపోతుంది.

సందులు లోతు చేయడం

ఈ ఒక్క పని మీ కారు రూపురేఖలనే మార్చేస్తుంది, అందుకే కాస్త ఓపికగా చదవండి. తలుపులు, ముందు బానెట్, వెనక ఇంజను మూత, వీటి చుట్టూ ఉన్న గీతలు కావాలి. సన్నటి కుట్టుసూదిని పిన్ వైస్‌లో (సూదుల్లాంటి సన్నటి వాటిని బిగించి పట్టుకునే చిన్న పిడి) బిగించండి. పిన్ వైస్ లేకపోతే గట్టి చెక్కపుల్లకి సూదిని దారంతో బిగించి చుట్టి, పైన ఫెవీక్విక్ చుక్క వేస్తే చాలు. సూదిని గీతలో ఆనించి మీ వైపుకి లాగండి, ఎప్పుడూ నెట్టకండి. మొదటిసారి బలం అస్సలు పెట్టకూడదు, సూది బరువే చాలు. రెండోసారికి దారి ఏర్పడుతుంది, అయిదారుసార్లకు లోతు దిగుతుంది. మొదటిసారే నొక్కితే సూది జారి తలుపు మీద గీత పెడుతుంది. తలుపు మూలల్లో వంపు తిరిగే చోట సగం ఇటు నుంచి, సగం అటు నుంచి లాగి మధ్యలో కలపండి. మనకు వెడల్పు వద్దు, లోతే కావాలి. లోతుగా ఉన్న సందు రంగు పడ్డాక కూడా నీడను పట్టుకుంటుంది.

బీటిల్‌లో ఒక విశేషం ఉంది. అసలు కారులో మడ్‌గార్డులు బాడీకి బోల్టులతో బిగించినవి, రెండింటి మధ్యా సన్నటి బీడింగు పట్టీ ఉంటుంది. కాబట్టి అక్కడ ఉండేది సందు కాదు, కాస్త ఉబ్బిన పట్టీ. తలుపు సందును నల్లగా చూపించినట్టు దాన్ని లోతు చేసి నలుపు నింపితే, బీటిల్ తెలిసినవాళ్లు ఇట్టే కనిపెడతారు. అక్కడ సూది పెట్టకండి.

ఇవన్నీ అయ్యాక గిన్నెలు తోమే లిక్విడు, గోరువెచ్చని నీళ్లు, పాత మెత్తటి టూత్‌బ్రష్‌తో బాడీని కడిగి గాలికి ఆరనివ్వండి. ఇక అప్పటినుంచి ఒట్టి చేతులతో పట్టుకోవద్దు. వేళ్ల జిడ్డు ఉన్నచోట రంగు విరుగుతుంది. బట్టల హ్యాంగర్ తీగను వంచి బాడీ లోపలి నుంచి బిగించుకుంటే అదే పిడి.

ప్రైమరు

లేత రంగు వేస్తున్నాం కాబట్టి తెల్ల ప్రైమరు. కానీ నా సలహా ఏమిటంటే, ముందు బూడిద రంగు ప్రైమరు ఒక్క పల్చటి పొర వేసి చూడండి. ప్లాస్టిక్ మీద దాగిన తప్పులన్నీ బూడిద రంగులో బయటపడతాయి. దిద్దుకుని, ఆపైన తెలుపు వేయండి. ఆరాక 1500తో తడిగా ఒకసారి తేలిగ్గా రుద్దితే చాలు.

రంగు

నేను ఎంచుకున్నది తమియా టీఎస్-23, లేత నీలం. టీఎస్ అని ఉన్నవి ఇలాంటి గట్టి ప్లాస్టిక్ కోసం. పీఎస్ అని ఉన్నవి రిమోట్ కార్ల పారదర్శక బాడీలకి. డబ్బాలు పక్కపక్కనే ఉంటాయి, చూసి తీసుకోండి.

స్ప్రే డబ్బాలను విమానంలో పంపడానికి ఒప్పుకోరు కాబట్టి కొన్ని ఊళ్లకు అవి సులువుగా చేరవు. అలాంటప్పుడు చాలామంది కార్ల పెయింటు షాపులో రంగు కలిపించుకుంటారు. పర్వాలేదు కానీ రెండు జాగ్రత్తలు. ఆ రంగుల్లో ఉండే ఘాటు థిన్నరు మన ప్లాస్టిక్‌ను కరిగించి పగుళ్లు తెప్పించగలదు, అందుకే ప్రైమరు లేకుండా వేయకండి. రెండోది మెటాలిక్ రంగులు. వాటిలోని తళుకు రేణువులు అసలు కారు కోసం చేసినవి. 24తో హెచ్చవేస్తే ఏమవుతుందో ఊహించండి. మోడల్ మీద అవి పెళ్లి కార్డు మీది చమ్కీలా కనబడతాయి.

ఏ రంగైనా ముందు పాత ప్లాస్టిక్ చెంచా వీపు మీద వేసి చూడండి. చెంచాకీ బీటిల్ బానెట్‌కీ వంపు ఇంచుమించు ఒకటే, చేతికి మంచి అలవాటు అవుతుంది.

డబ్బాను గోరువెచ్చని నీళ్లలో అయిదు నిమిషాలు ఉంచితే లోపల ఒత్తిడి పెరిగి రంగు సన్నటి మంచులా పడుతుంది. వేడినీళ్లు మాత్రం ఎప్పుడూ వద్దు, డబ్బా పేలుతుంది. పొయ్యి మీద పెట్టడం మాటే వద్దు. ఎండాకాలంలో ఈ పనే అక్కర్లేదు. రెండు నిమిషాలు బాగా ఊపి, జానెడు దూరం నుంచి మొదలుపెట్టండి. బాడీకి అవతల గాల్లో నొక్కి, బాడీ మీదుగా ఆగకుండా లాగి, ఇవతల గాల్లో వదలాలి. బాడీ మీద చేయి ఆగితే అక్కడ రంగు కారుతుంది.

మొదటి రెండు పొరలూ తుంపరలా ఉండాలి. కింద ప్రైమరు కనబడుతూనే ఉంటుంది, టెన్షన్ పడకండి. పావుగంట ఆగి మూడోది కాస్త తడిగా, నాలుగోది మరికాస్త తడిగా వేయండి. వెలుగు అద్దంలోలా కనబడగానే ఆపేయండి. ఇంకొక్కసారి వేద్దామనిపిస్తుంది, సరిగ్గా అప్పుడే కారుతుంది.

అన్నట్టు, ఇది థిన్నరు ఆవిరి. మూతికి కట్టుకున్న కర్చీఫు, కరోనా నాటి గుడ్డ మాస్కు దాన్ని ఆపవు. కార్బన్ ఫిల్టర్లున్న మాస్కు కొనుక్కోండి. గదిలో దీపం, అగరబత్తి, గ్యాస్ పొయ్యి వెలుగుతుంటే డబ్బా ముట్టకండి. పిల్లల్ని దూరంగా ఉంచండి.

వాన, ఎండ

మాది విశాఖపట్నం. ఓసారి జులైలో, వాన వెలిసింది కదా అని మేడ మీద ఒక నల్ల కారుకి రంగు వేశాను. పది నిమిషాల్లో కారంతా పాలు కలిపినట్టు తెల్లగా మసకబారింది. డబ్బా పాడైందనుకున్నాను, కాదు. థిన్నరు వేగంగా ఆవిరైనప్పుడు ఆ ఉపరితలం చల్లబడుతుంది, గాలిలోని తేమ దాని మీద చేరి రంగులో చిక్కుకుంటుంది. తెలుపు అదే. రుద్ది తీసేయాల్సిన పని లేదు. పొడిగా ఉన్న రోజు చూసి దాని మీద అదే రంగు ఒక పల్చటి తడి పొర వేస్తే, కింది పొర మెత్తబడి తేమ వెళ్లిపోతుంది. ఆ నల్ల కారు అలాగే బాగుపడింది.

అప్పటినుంచి తేమ చూపించే చిన్న డిజిటల్ మీటరు బల్ల మీద పెట్టుకున్నాను. తేమ 70 శాతం దాటితే డబ్బా ముట్టను. తీరం ఊళ్లలో పొద్దున్నే వేయకండి, ఎండ బాగా ఎక్కాక తేమ తగ్గుతుంది. ఇక రోహిణీ కార్తె ఎండల్లో బెజవాడలోనో ఖమ్మంలోనో ఉన్నవాళ్లకి ఇబ్బంది దీనికి తలకిందులు. రంగు బాడీని చేరేలోపే గాల్లో సగం ఆరి, బత్తాయి తొక్కలా గరుకుగా పడుతుంది. వాళ్లు పొద్దున్నే వేసుకోవాలి, కాస్త దగ్గరగా. నా అనుభవంలో సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా రంగులకు మంచి రోజులు.

క్లియరు, పాలిషు

ఒక రోజు ఆగి టీఎస్-13 క్లియరు వేయండి. పద్ధతి అదే, ముందు తుంపరలు, తర్వాత తడి. దుమ్ము పడకుండా ప్లాస్టిక్ డబ్బా బోర్లించి, గాలి ఆడేలా కింద పుల్ల పెట్టండి.

వారం తర్వాత 2000, 3000 వాటర్ పేపర్లతో సబ్బునీళ్లు వాడుతూ గరుకుదనం తీయండి. అంచుల మీద, మడతల మీద రుద్దకండి, రంగు అక్కడ పల్చగా ఉంటుంది, రెండు రుద్దులకే ప్రైమరు తేలుతుంది. నేను ఆ అంచులకు ముందే మాస్కింగ్ టేపు వేసేస్తాను. ఆపైన పాత బనియన్ గుడ్డతో పాలిషింగ్ కాంపౌండు, మొదట కోర్స్ (ముతకది), తర్వాత ఫైన్ (మెత్తనిది), చివర ఫినిష్ (అన్నిటికన్నా మెత్తనిది). వేలు వేడెక్కినట్టనిపిస్తే ఆపి చల్లారనివ్వండి.

చివరగా మనం లోతు చేసిన సందులు. పల్చటి ఎనామిల్ రంగును బ్రష్ కొనతో సందులో తాకిస్తే అదే పాకిపోతుంది. లేత నీలం మీద నలుపు కార్టూన్ గీతలా ఉంటుంది, ముదురు బూడిద వాడండి. పక్కకి కారినది అరగంట తర్వాత ఎనామిల్ థిన్నరు తడిపిన ఇయర్ బడ్‌తో తుడవండి. కింద ఉన్న టీఎస్ రంగు, క్లియరు లాక్కరు అనే వేరే రకం పెయింటు, ఎనామిల్ థిన్నరుకి కరగదు కాబట్టి దానికి ఏమీ కాదు.

వచ్చే పాఠంలో కిటికీ అంచులకు క్రోమ్ రేకు అంటిస్తాం. రేకును గట్టిగా నొక్కాలి, కాబట్టి లోపల పచ్చిగా ఉన్న రంగు మీద పని చేయలేం. బాడీని ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి. పెయింటు వాసన ఏ కొంచెం వచ్చినా ఇంకా ఆరలేదు, మరో నాలుగు రోజులు డబ్బా కిందే ఉంచేయండి.