సమీక్ష రాద్దాం, 5వ పాఠం: అభిమాన రచయిత దారి మార్చినప్పుడు

పోయిన పాఠంలో ఇచ్చిన అభ్యాసం చాలామందికి ఒకే చోట బెడిసికొట్టింది. సస్పెన్స్‌తో పేరు తెచ్చుకున్న రచయిత రాసిన కుటుంబ నవల మీద 200 మాటల్లో సమీక్ష రాయమంటే, ఎక్కువమంది ‘ఆయన మార్కు కనబడలేదు’ అని మొదలుపెట్టి ‘ఇది ఆయన రాయాల్సింది కాదు’ అని ముగించారు. నిరాశ నిజమే. జనవరిలో బెజవాడ పుస్తకాల పండగలో రచయిత పేరు చూసి, అట్ట కూడా తిప్పకుండా కొనుక్కొచ్చిన పుస్తకంలో యాభయ్యో పేజీ దాటినా ఒక్క హత్యా జరక్కపోతే ప్రాణం ఉసూరుమంటుంది. ఆ ఉసూరు మాత్రం మీది. దాన్ని పుస్తకం ఖాతాలో వేసిన చోటే సమీక్ష దారి తప్పింది. అందుకని ఈసారి చెప్పాల్సిన ముగింపు పేరాలను పక్కన పెట్టి, ముందు దీన్ని తేల్చుకుందాం.

పాఠకుడికి రెండు మాటలు, అంటే రెండు హామీలు, అందుతాయి. ఒకటి రచయిత పేరు ఇచ్చే మాట, అంటే పాత పుస్తకాలు మనకు చేసిన అలవాటు. రెండోది ఈ నవల తన మొదటి ముప్ఫై పేజీల్లో తానుగా ఇచ్చే మాట. సమీక్షలో నిలదీయాల్సింది రెండోదాన్నే. మొదటిది తప్పిందని రాయొచ్చు, కాకపోతే ఒక్క వాక్యంలో, ‘నాకు’ అని చేర్చి రాయండి.

డిటెక్టివ్ నవలలతో పేరు తెచ్చుకున్న ఇంగ్లీషు రచయిత్రి అగాథా క్రిస్టీ 1930 నుంచి 1956 దాకా మేరీ వెస్ట్‌మకాట్ అనే పేరుతో ఆరు నవలలు రాసింది. అవి డిటెక్టివ్ నవలలు కావు. ఆ పేరు వెనక ఉన్నది ఎవరో 1949 దాకా పాఠకులకు తెలియలేదు. పేరు మార్చుకోవడమంటే ఆ మొదటి మాటని రద్దు చేసుకోవడమే. మన రచయితలు చాలావరకు ఉన్న పేరుతోనే దారి మారుస్తారు కాబట్టి ఆ పని మనం చేసుకోవాలి. పుస్తకానికి పాత న్యూస్‌పేపరుతో అట్ట వేసేయండి. ముందుమాట ఆఖర్న చదవండి, చాలా ముందుమాటలు కథ విప్పేస్తాయి. గుర్తులు పెట్టడానికి పెన్ను వద్దు, పెన్సిలే వాడండి. రెండోసారి చదివేటప్పుడు కొన్ని గీతలు చెరపాల్సి వస్తుంది.

ఇక ‘సాగతీత’ అన్న మాట. వచ్చిన సమీక్షల్లో దీన్ని వాడినంత విచ్చలవిడిగా ఇంకే మాటా వాడలేదు. నిదానం వేరు, సాగతీత వేరు.

ఇలాంటి సన్నివేశం ఒకటి ఊహించుకోండి. గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీ పక్క షెడ్డు. నవల ఏడో పేజీ. కథానాయిక తల్లి కొంగు ముక్కుకి చుట్టుకుని ఎండుమిర్చికి తొడిమలు తీస్తోంది. టిక్కీ (మిర్చి బస్తా) మీద పెట్టిన ఫోను మోగింది. చూసింది, తీయలేదు. సస్పెన్స్‌కి అలవాటుపడ్డ కన్ను ఆ ఫోనుని పట్టేసుకుంటుంది. ఎవరు చేశారు, ఎందుకు తీయలేదు? అరవై పేజీలు ఎదురుచూసినా ఆ ఊసు రాకపోయేసరికి ‘సాగదీశాడు’ అనేస్తుంది. రచయిత అక్కడ చూపించింది ఆ చేతిని, కారంతో మండుతూ దేన్నీ ముట్టుకోలేని చేతిని. తొంభయ్యో పేజీలో కొడుకు కబురు తెలిసినప్పుడు ఆమె మోచేత్తో కళ్లు ఒత్తుకుంటుంది. ఏడో పేజీ బాకీ అక్కడ తీరింది. ఫోను కోసం కాచుక్కూచున్నవాళ్లకి ఆ మోచెయ్యి కనబడదు.

తేడా పట్టుకోవాలంటే, విసుగొచ్చిన అధ్యాయాన్ని మళ్లీ తీసి ప్రతి పేజీ మార్జిన్‌లో ఆ పేజీలో కొత్తగా తెలిసిన సంగతి ఒకటి రాయండి. మనిషి గురించి, చోటు గురించి, జరిగినదాని గురించి, ఏదైనా సరే. అప్పు సంగతి 30వ పేజీలో తెలిశాక 42లో భర్త, 48లో మరిది అదే చెబితే అది కొత్త సంగతి కాదు, గీత పెట్టి వదిలేయండి. వరసగా మూడు పేజీలకి మార్జిన్ ఖాళీగా ఉంటే సాగతీతే, ధైర్యంగా రాయండి. మార్జిన్ నిండినా మీకు విసుగేసిందంటే ఆ నవల నిదానంగా నడుస్తోంది, అంతే. ఈ లెక్క వేయకుండా ఆ మాట వాడొద్దు.

ఇదంతా రచయితను వెనకేసుకురమ్మని చెప్పడం కాదు. దారి మార్చినా పాత అలవాటు వదలని చోట గట్టిగానే పట్టుకోవాలి. వారపత్రికల సీరియళ్లలో చెయ్యి తిరిగినవాళ్లు ప్రతి భాగం చివరా ఒక ముడి వేస్తారు, పాఠకుడు వచ్చే వారం దాకా ఆగాలి కాబట్టి. కుటుంబ నవలలో ‘తలుపు తీసి కొయ్యబారిపోయింది’ అని అధ్యాయం ముగిసి, పేజీ తిప్పితే గుమ్మంలో చుట్టపుచూపుగా వచ్చిన ఆడపడుచు నిలబడి ఉంటే, అది పుస్తకం లోపమే. ఈ నవల తానే మాట ఇచ్చి తానే తప్పింది.

అప్పుడు ‘ఆయన మార్కు సస్పెన్స్ లేదు’ అని రాయకండి. ఆ వాక్యంలోంచి రచయిత పేరు తీసేస్తే ఏమీ మిగలదు. ‘పద్నాలుగు అధ్యాయాల్లో తొమ్మిది ఉలికిపాటుతో ముగిశాయి, వాటిలో ఆరు తర్వాతి పేజీలోనే తుస్సుమన్నాయి’ అని రాయండి, పేజీల నంబర్లు ఇవ్వండి. ఇది ఎవరి పుస్తకం గురించి రాసినా నిలబడుతుంది. కథాసారం, ధర, ప్రచురణ వివరాలు ఎక్కడ పెట్టాలో మీకు తెలిసిందే.

అభ్యాసం: ఒకే రచయితవి రెండు నవలలు తీసుకోండి, ఒకటి ఆయన అలవాటు దారిలోది, ఇంకోటి బయటిది. లైబ్రరీలో దొరక్కపోతే బెజవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లో వెతకండి. రెండింటి మొదటి ముప్ఫై పేజీలూ రెండేసి సార్లు చదివి, ఒక్కో నవల ఏ మాట ఇచ్చిందో రెండు వాక్యాల్లో రాయండి. రెండో నవల పూర్తిచేసి, ప్రతి అధ్యాయం ఆఖరి వాక్యాన్నీ నోటుబుక్కులో ఎత్తి రాసుకోండి. ముడి వేసినదాని పక్కన ‘ము’, అది విప్పిన పేజీ నంబరు. తర్వాత 250 మాటల సమీక్ష. చివరి పేరా దాకా రచయిత పేరు రాకూడదు. ‘మార్కు’, ‘సాగతీత’, ‘నిరాశ’ అసలే రాకూడదు. రెండు వారాల పని ఇది, వారంలో ముగించకండి. ముగింపు పేరాల సంగతి ఆరో పాఠంలో.