రెప్ప మడత సర్జరీ నచ్చలేదా? రెండోసారి కత్తికి ఒప్పుకునే ముందు

సియోల్‌లో సిన్సా స్టేషన్ మెట్లెక్కి బయటికొస్తే ఒక్కో బిల్డింగులో నాలుగైదు ప్లాస్టిక్ సర్జరీ క్లినిక్కులు కనిపిస్తాయి. వాటిలో ఒకదాంట్లో విదేశీ పేషెంట్లకి ఇంటర్‌ప్రెటర్‌గా పనిచేస్తున్నాను. డాక్టర్ని కాను. కానీ డాక్టరు గదిలో పేషెంటు పక్క కుర్చీ నాది. రెప్పకి మడత (కన్ను తెరిచినప్పుడు పైరెప్ప మీద పడే గీత) కావాలని మొదటిసారి వచ్చేవాళ్ల మాటలూ, వచ్చిన మడత నచ్చక మళ్లీ వచ్చేవాళ్ల మాటలూ నా నోటి మీదుగానే వెళ్తాయి. మనవాళ్లలో చాలామందికి ఆ మడత పుట్టుకతోనే ఉంటుంది కదా, మనకెందుకీ గొడవ అనుకోకండి. సియోల్ దగ్గరి సువొన్‌లో ఉండే తెలుగువాళ్లు కొరియా కోడలి కోసమో, ఇంఫాల్ నుంచి వచ్చి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న స్నేహితురాలి కోసమో ఫోన్ చేసి, "జేసుసుల్ చేయించుకోవచ్చా అక్కా?" అని అడుగుతుంటారు. రెండోసారి చేసే సర్జరీని ఇక్కడ అలా అంటారు. వాళ్లకి ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పేదంతా ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

మొదటి సర్జరీ ఎవరూ ముట్టని రెప్ప మీద జరుగుతుంది. రెండోది మొదటి డాక్టరు వదిలిపెట్టినదాని మీద జరుగుతుంది. కాబట్టి కళ్లు ఎలా కావాలో తర్వాత చూసుకోవచ్చు. ముందు తేలాల్సింది ఏం మిగిలిందన్నది: చర్మం ఎంతుంది, లోపల కొవ్వెంతుంది, రెప్పనెత్తే కండరం ఎలా ఉంది.

ఎప్పుడు పరిగెత్తాలి, ఎప్పుడు ఆగాలి

సర్జరీ అయిన కొత్తలో కన్ను భరించలేనంత నొప్పి పెట్టి, రెప్ప ఉబ్బి రాయిలా బిగుసుకుపోయి, చూపు మసకబారితే జేసుసుల్ మాట పక్కన పెట్టండి. కంటి వెనక రక్తం చేరితే గంటల్లోనే చూపు పోవచ్చు. అర్ధరాత్రైనా సరే పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లాలి. చీము పట్టినా, కుట్టుదారం కంట్లో గుచ్చుకుంటున్నా, కన్ను మూతపడక నల్లగుడ్డు ఎండిపోయి మండుతున్నా అదే రోజు కంటి డాక్టరుకి చూపించాలి.

ఇవేవీ లేకుండా కేవలం రూపం నచ్చకపోతే మాత్రం ఆగాలి. కోసి కుట్టే పద్ధతిలో (ఇక్కడ జొల్గే అంటారు) కనీసం ఆరు నెలలు. మచ్చ బాగా మెత్తబడటానికి ఏడాది పట్టేవాళ్లూ ఉన్నారు. రెండు మూడు నెలలప్పుడు మచ్చ ఎర్రగా, గట్టిగా ఉంటుంది. సరిగ్గా అప్పుడే బెంబేలెత్తిపోయి వచ్చేవాళ్లు ఎక్కువ. ఇంకా పోని వాపు వల్ల మడత అసలుకన్నా ఎత్తుగా కనబడుతుంది. ఒక కంటి వాపు రెండో కంటికన్నా ముందే తగ్గడం కూడా మామూలే. గట్టిపడ్డ మచ్చ మీద మళ్లీ కోస్తే రక్తం ఎక్కువ పోతుంది, లోపలి పొరలు విడిగా తెలియవు, ఫలితం ఎలా ఉంటుందో డాక్టరే చెప్పలేడు.

దీనికి మినహాయింపులు రెండున్నాయి. తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంటే, లోపలి పొరలు అతుక్కోకముందే, అంటే మొదటి వారం అటూఇటూగా, కొందరు డాక్టర్లు కుట్లు విప్పి సరిచేస్తారు. ఆ వారం దాటిపోతే ఇక ఆరు నెలల లెక్కే. రెండోది దారంతో ముడివేసే మేమోల్ పద్ధతి. చర్మం కోయరు కాబట్టి, ముడి వదులై మడత జారిపోయినా మళ్లీ చేయడం తేలిక, అంతకాలం ఆగాల్సిన పనీ ఉండదు. జేసుసుల్ అంటేనే భయపడేవాళ్లలో చాలామందిది ఈ కేసే. వాళ్లు అంత కంగారు పడక్కర్లేదు.

అద్దం ముందు

ఆగే కాలాన్ని ఫోటోలకి వాడుకోండి. అదే కిటికీ దగ్గర, అదే సమయంలో, బ్యూటీ ఫిల్టర్ లేకుండా మూడు తీయండి: ఎదురుగా చూస్తూ, కిందికి చూస్తూ, కళ్లు మూసుకుని. నెలకోసారి తీస్తే చాలు. రోజూ తీస్తే పిచ్చెక్కుతుంది. సర్జరీకి ముందు తీసిన ఫోటో ఒకటి కూడా వెతికి పెట్టుకోండి. కళ్లు రెండూ ముందునుంచే ఒకేలా లేవని అది చూసి తెలుసుకున్నవాళ్లున్నారు.

తర్వాత కనుబొమని వేలితో గట్టిగా నొక్కిపట్టి కన్ను తెరవండి. బొమ సాయం లేకపోతే రెప్ప సగంలోనే ఆగిపోతుందా? అలాగైతే సమస్య మడతలో కాదు, రెప్పనెత్తే కండరంలో ఉండే అవకాశం ఎక్కువ. అలాంటి కంటికి మడత ఎన్నిసార్లు మార్చినా నిద్రమొహం పోదు. డాక్టరు దీన్ని స్కేలుతో కొలుస్తారు. బొమ కదలకుండా పట్టుకుని కిందినుంచి పైకి చూడమన్నప్పుడు రెప్ప అంచు దాదాపు 15 మి.మీ. కదిలితే కండరం బాగున్నట్టే. ఇంకో మాట కూడా అడగండి: ఒక రెప్ప ఎత్తితే రెండోది కిందికి దిగుతుందా? రెండు రెప్పలకీ మెదడు నుంచి ఆజ్ఞ ఒకే తీరుగా వెళ్తుంది కాబట్టి, వాలిన రెప్పని సరిచేయగానే అప్పటిదాకా బాగున్న రెప్ప వాలడం కద్దు. అది ముందే పరీక్షించి చెప్పే డాక్టరు దొరికితే వదలకండి.

ఇక అన్నింటికన్నా మొండిది మరీ ఎత్తైన, లావైన మడత. కొరియాలో దాన్ని సాసేజ్ కన్ను అని ఎగతాళి చేస్తారు. కింద ఉన్న మడతని పైకి జరపడం తేలికే, పైన ఉన్నదాన్ని కిందికి దించడమే కష్టం. పాత గీత దగ్గర చర్మం లోపలికి అతుక్కుని ఉంటుంది. దాన్ని విడదీయాలి, మళ్లీ అక్కడే అతుక్కోకుండా మధ్యలో కొవ్వు జరపాలి, కింద కొత్త గీత వేయాలి. ఇదంతా జరగాలంటే చర్మం మిగిలి ఉండాలి. బిగుతైన జాకెట్టుని వదులు చేయమంటే టైలరమ్మ ముందు లోపలికి తిప్పి, కుట్టులో గుడ్డ వదిలారా లేదా అని చూస్తుందే, డాక్టరు చూసేదీ అదే. కనుబొమ కింది అంచు నుంచి రెప్ప వెంట్రుకల వరుస దాకా చర్మం సుమారు 20 మి.మీ. అయినా ఉండాలన్నది వాళ్లు వాడే లెక్క. అంతకన్నా బాగా తక్కువుంటే కన్ను మూతపడదు. అలాంటప్పుడు "చేయను" అన్న డాక్టరు మీకు మేలు చేసినట్టే.

కొవ్వు ఎక్కువ తీసేయడం వల్ల రెప్ప గుంటపడితే కొవ్వు ఎక్కించి సరిచేస్తారు, కానీ అది ఎంత నిలుస్తుందో కచ్చితంగా చెప్పలేరు. మడత పూర్తిగా తీసేసి పాత కళ్లు తిరిగి ఇమ్మని అడిగేవాళ్లూ వస్తారు. దారం పద్ధతి అయితే కొంత ఆశ ఉంది. కోసిన రెప్పకి ఆ మాట ఇచ్చేవాళ్లని నమ్మొద్దు.

క్లినిక్ గడప దగ్గర

మొదట పాత క్లినిక్ నుంచి సర్జరీ రికార్డు కాపీ తెచ్చుకోండి. కొరియాలో అది పేషెంటు హక్కు. సర్జరీ రికార్డుని వాళ్లు పదేళ్లు దాచాలి. గొడవ పెట్టుకోకుండా "వేరే డాక్టరుకి చూపించాలి" అని మర్యాదగా అడిగితే చాలు. ఏ పద్ధతిలో చేశారు, చర్మం, కొవ్వు తీశారా, కండరాన్ని ముట్టారా అన్నది కొత్త డాక్టరుకి ముందే తెలిస్తే లోపల వెతుక్కునే పని తగ్గుతుంది.

బోర్డు చదవడం నేర్చుకోండి. ఇక్కడ లైసెన్సున్న ఏ డాక్టరైనా రెప్పల సర్జరీ చేయొచ్చు. అయితే ప్లాస్టిక్ సర్జరీ స్పెషలిస్టు నడిపే క్లినిక్ మాత్రమే తన పేరులోనే సొంగ్‌హ్యొంగ్‌వేగ్వా (ప్లాస్టిక్ సర్జరీ) అని పెట్టుకోగలదు. మిగతావాళ్లు పేరు వేరుగా రాసి, పక్కన చిన్న అక్షరాల్లో చిల్యోగ్వామోక్ (వైద్యం చేసే విభాగాలు) అని వేసి ఆ తర్వాత ఆ మాట రాయాలి. రాత్రిపూట ఆ చిన్న అక్షరాలకి లైటు వెలగని బోర్డులు కూడా చూశాను! స్పెషలిస్టు అయినంత మాత్రాన జేసుసుల్ బాగా వస్తుందని కాదు, కానీ వడపోత అక్కడ మొదలుపెట్టాలి.

లోపలికెళ్లాక ముందు మాట్లాడేది సిల్‌జంగ్, అంటే కౌన్సెలింగ్ మేనేజరు. మంచివాళ్లే, కానీ వాళ్ల పని అమ్మడం. "ఈరోజే బుక్ చేస్తే తగ్గిస్తాం" అన్నది వాళ్ల మాట. మీ రెప్పని పట్టుకుని చూడాల్సింది డాక్టరు. డాక్టరుతో మాట్లాడకుండా అడ్వాన్సు కట్టొద్దు. డాక్టర్ని ఇవి అడగండి: నా సమస్యకి కారణం మీ లెక్కలో ఏది? చర్మం ఎంతుంది? సర్జరీ మొత్తం మీరే చేస్తారా? మళ్లీ తేడా వస్తే సరిచేయడానికి ఖర్చు ఎవరిది? ముగ్గురు డాక్టర్ల దగ్గర ఇవే అడిగితే, కారణం విషయంలో ఇద్దరైనా ఒకే మాట అనాలి. ముగ్గురూ మూడు రకాలుగా చెబితే ఇంకా ఆగండి.

ధర రెండోసారికి ఎక్కువే ఉంటుంది. చెప్పిన ధరలో 10 శాతం పన్ను, మత్తు ఖర్చు, మందులు కలిశాయో లేదో కాగితం మీద రాయించుకోండి. రెప్ప వాలి చూపుకి అడ్డొస్తుంటే ఆ కండరం సర్జరీకి కొరియా ఆరోగ్య బీమా వర్తించే అవకాశం ఉంది. అందం కోసమైతే వర్తించదు.

మత్తులో ఉండగా ఒకరి బదులు ఇంకొకరు కోసే మోసాలు బయటపడ్డాక, 2023 సెప్టెంబరు 25 నుంచి ఇక్కడ స్పృహ లేకుండా చేసే సర్జరీలకి ఆపరేషన్ గదిలో కెమెరా తప్పనిసరి చేశారు. అయితే అది దానంతట అదే తిరగదు, రికార్డు చేయమని ముందే మీరు అడగాలి. వీడియోని కనీసం 30 రోజులు దాచుతారు కాబట్టి, అనుమానం వస్తే నెల దాటకుండా కదలాలి. నష్టం నిజంగా జరిగిందనుకుంటే 2012లో మొదలైన ప్రభుత్వ వైద్య వివాదాల మధ్యవర్తిత్వ సంస్థ ఉంది. "నచ్చలేదు" అన్న ఒక్క మాట మీద అక్కడ కేసు నిలవదు. రికార్డు, నెలనెలా తీసిన ఫోటోలు పనికొచ్చేది అక్కడే.

హైదరాబాద్‌లో ఉండి ఆలోచిస్తున్నవాళ్లు కాస్మెటిక్ సెంటర్ల కన్నా ముందు ఆక్యులోప్లాస్టీ (కంటిరెప్పల సర్జరీలు చూసే) విభాగం ఉన్న కంటి ఆసుపత్రిలో చూపించుకోండి. కండరం, కన్నీటి తడి, రెప్ప మూతపడటం వాళ్లు సరిగ్గా కొలుస్తారు. ఆ రిపోర్టు చేతిలో ఉంటే సియోల్ రావాలో వద్దో ఇంట్లో కూర్చునే తేల్చుకోవచ్చు. ఆస్పిరిన్ లాంటి రక్తం పలచబరిచే మందులు వాడుతుంటే వాటిని ఎప్పుడు ఆపాలో, అసలు ఆపొచ్చో లేదో, రాసిచ్చిన డాక్టర్నే అడగండి. వచ్చేట్టయితే తిరుగు టికెట్ కుట్లు తీశాకే వేసుకోండి. మామూలుగా ఐదు నుంచి ఏడో రోజు మధ్య తీస్తారు, జేసుసుల్‌లో వాపు మొండికేస్తే ఇంకో రెండు రోజులు ఉండమంటారు.