కారు పెయింట్ సంరక్షణ – 4వ పాఠం: సీలెంట్ కంటే ముందు రేకు చల్లబడాలి

ఈసారి నేరుగా సీలెంట్‌లోకి, అంటే పెయింట్‌ను కాపాడే సింథటిక్ పూతలోకి, వెళ్దామనుకున్నాను. కానీ పోయిన పాఠం చదివి వ్యాక్స్ (మైనం పూత) పెట్టిన చాలామందికి బానెట్ మీద తెల్లటి చారలు, మబ్బు పట్టినట్టు మచ్చలు మిగిలాయి. ఎంత తుడిచినా పోవడం లేదట. ఇందులో నా తప్పూ ఉంది. "నీడలో చేయండి" అని ఒక్క ముక్క రాసి ముందుకెళ్లిపోయాను.

ముందు ఆ మచ్చల సంగతి. గట్టిగా రుద్దకండి, సన్నటి గీతలు పడతాయి. రేకు చల్లగా ఉన్నప్పుడు అదే వ్యాక్స్‌ను మచ్చ మీద పలచగా రాసి, ఆరనివ్వకుండా శుభ్రమైన మైక్రోఫైబర్ బట్టతో తుడిచేయండి. కొత్త వ్యాక్స్‌లోని ద్రావకం, ఎండి బిగుసుకున్న పాతదాన్ని మెత్తబరిచి లేపేస్తుంది.

ఇక అసలు విషయం. నీడ వేరు, చల్లదనం వేరు. మండుటెండలో నిలబడ్డ నల్ల కారు రేకు 70 డిగ్రీలు దాటగలదు. దాన్ని నీడలోకి తెచ్చి పది నిమిషాలకే డబ్బా తెరిస్తే ఎండలో చేసినట్టే. పైగా బండి నడుపుకొచ్చారు కాబట్టి, బానెట్‌కు కింద నుంచి ఇంజిన్ వేడి తగులుతూనే ఉంటుంది. డోరు చల్లగా ఉంది కదా అని బానెట్‌ను నమ్మకండి. వేడి రేకు మీద ద్రావకం మీరు ప్యాడ్ తిప్పేలోపే ఆవిరైపోతుంది, మైనం ఎక్కడిదక్కడే అంటుకుపోతుంది. త్వరగా చల్లారాలని నీళ్లు కొట్టడం ఇంకా పెద్ద తప్పు. ఉప్పునీళ్లయితే అక్కడికక్కడే ఎండిపోయి సున్నపు మచ్చలు దిగుతాయి. చేతి వెనక భాగాన్ని రేకుకు ఆనించి పది లెక్కపెట్టండి. గోరువెచ్చగా తగిలినా సరే, ఆగండి. నేనైతే తెల్లవారుజామునే, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా, మంచు తడి తుడిచి మొదలుపెడతాను.

వ్యాక్స్‌లో ఉండే కార్నోబా మైనం 80 డిగ్రీలు దాటితే గానీ కరగదు కదా, ఎండకు భయమెందుకు అని కొందరు అడిగారు. అది శుద్ధమైన మైనం మాట. డబ్బాలో ఉన్నది ద్రావకాలు, నూనెలు, మెత్తటి మైనాలు కలిపిన మిశ్రమం. అందుకే వేడి ప్రాంతాల్లో వ్యాక్స్ కొన్ని వారాల్లోనే చేతులెత్తేస్తుంది. సింథటిక్ సీలెంట్ నెలల పాటు నిలబడుతుంది. అలాగని రెండింటిలో ఏదీ ఎండకు గొడుగు కాదు. అతినీలలోహిత కిరణాలను ఆపే పదార్థం ప్రధానంగా రంగు మీదుండే పారదర్శక పొర, క్లియర్ కోట్‌లోనే ఉంటుంది. అది సుమారు 50 మైక్రాన్ల పొర, దాన్ని పోగొట్టుకోకపోవడమే మన పని.

సీలెంట్ పట్టుకోవాల్సింది ఆ క్లియర్ కోట్‌నే, దాని మీదున్న వ్యాక్స్‌ను కాదు. కడగడం, క్లే బార్ (పెయింట్‌కు అంటుకున్న మురికిని లాగేసే మెత్తటి బంకముద్ద) మీకు తెలిసినవే. పోయినసారి వ్యాక్స్ పెట్టినవాళ్లు దాన్ని పెయింట్ క్లీనర్‌తో తీసేయండి, మామూలు షాంపూతో పూర్తిగా పోదు. ఆ తర్వాత సీలెంట్, అర బానెట్‌కు బఠాణీ గింజంత చుక్కలు మూడు చాలు. రాశాక కంటికి కనిపించీ కనిపించనట్టు ఉండాలి. సీసా మీద రాసినంతసేపు ఆగి, వేలితో ఒక గీత గీయండి. అలుక్కుపోకుండా శుభ్రంగా గీత పడితే తుడిచేయొచ్చు. తర్వాత 24 గంటలు నీళ్లు తగలనివ్వకండి. ఆపై మెరుపు కోసం వ్యాక్స్ పెట్టుకుంటానంటే మీ ఇష్టం, నేను పెట్టను.

సీలెంట్ ఉన్నా పిట్ట రెట్టను మర్నాటికి వదలొద్దు. ఎండకు పెయింట్ మెత్తబడి ఉబ్బుతుంది, రాత్రి చల్లారి ఆ రెట్ట చుట్టూ బిగుసుకుంటుంది. కడిగాక చూస్తే వేలికి తగలని గుంట ఒకటి, పక్కనుంచి వెలుతురు పడితే కనిపిస్తుంది. తడిబట్ట ఐదు నిమిషాలు కప్పి ఉంచి, రుద్దకుండా పైకి లేపండి.

అభ్యాసం: బానెట్ మధ్యలో మాస్కింగ్ టేపు అంటించి, ఒక సగానికి వ్యాక్స్, ఇంకో సగానికి సీలెంట్ పెట్టండి. 12 వారాల పాటు ప్రతి వారం కడిగాక రెండు వైపులా ఒక్కో మగ్గు నీళ్లు పోసి ఫొటో తీయండి. నీళ్లు ముత్యాల్లా నిలుస్తుంటే పూత ఇంకా ఉన్నట్టు. కడగకుండా మాత్రం పోయకండి. దుమ్ము పట్టిన సీలెంట్ మీద కూడా నీళ్లు ముత్యాల్లా నిలవవు, పూత అయిపోయిందని పొరబడతారు.