పాత బుల్లెట్‌కు ఎంత వెడల్పు టైరు సరిపోతుంది?

పాత బుల్లెట్ చేతికి రాగానే వెనక లావు టైరు వేయించాలని చాలామందికి మనసు లాగుతుంది. నా కాస్ట్ ఐరన్ (పోత ఇనుప ఇంజిన్) 350కి ముందూ వెనకా కంపెనీ ఇచ్చిన 3.25-19 కొలతే ఉంచాను, అంటే టైరు వెడల్పు 3.25 అంగుళాలు, రిమ్ము వ్యాసం 19 అంగుళాలు. పద్ధెనిమిది హార్స్‌పవర్ బండికి అంతకు మించిన రబ్బరు భారమే తప్ప బలం కాదు.

టైరు వెడల్పును ముందుగా నిర్ణయించేది రిమ్ము. దాని మీద డబ్ల్యుఎం2 అని ముద్ర ఉందేమో చూడండి. ఉంటే లోపలి వెడల్పు 1.85 అంగుళాలు, అంటే సుమారు 47 మిల్లీమీటర్లు. ముద్ర తుప్పులో కలిసిపోతే టైరు విప్పించి, అంచుకూ అంచుకూ మధ్య లోపలివైపు కొలవండి. బయటి అంచులు పట్టుకుని కొలిస్తే రిమ్ము ఉన్నదానికన్నా వెడల్పుగా కనిపిస్తుంది, లెక్కంతా అక్కడే తప్పుతుంది. ఈ రిమ్ముకు 3.25 హాయిగా సరిపోతుంది, 3.50 కూడా కూర్చుంటుంది. 4.00 ఎక్కిస్తే పక్కగోడలు లోపలికి నొక్కుకుపోయి, టైరు నడినెత్తి గుండ్రంగా లేస్తుంది. అప్పుడు రోడ్డును తాకే భాగం తగ్గుతుంది, మధ్యలోనే అరిగిపోతుంది, మలుపులో బండి బద్ధకంగా వంగుతుంది. లావు టైరు వేస్తే పట్టు పెరుగుతుందన్న నమ్మకం ఇక్కడే వీగిపోతుంది.

అంగుళాల కొలత దొరకకపోతే 90/90-19 అడగండి: వెడల్పు 90 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 90 శాతం, రిమ్ము 19 అంగుళాలు. 3.25 అంటే దాదాపు 83 మిల్లీమీటర్లు కాబట్టి వెడల్పు కొంచెమే పెరుగుతుంది. ఎత్తు దాదాపు అంతే ఉంటుంది. స్పీడోమీటరు కేబులు ముందు చక్రం నుంచే వస్తుంది కాబట్టి ముందు టైరు ఎత్తు మారకపోవడం ముఖ్యం.

వెనక 3.50 వేయాలనే పట్టుదల ఉంటే ఖాళీలు చూసుకోండి. స్వింగ్ ఆర్మ్‌కు (వెనక చక్రాన్ని పట్టుకునే చేతులకు) రెండు పక్కలా, చైన్ కవరు దగ్గర, మడ్‌గార్డు కింద చిటికెన వేలు సులువుగా దూరాలి. కొత్త చైను వేసినప్పుడు చక్రం ముందుకు జరుగుతుంది, అక్కడ చోటు ఇంకా ఇరుకు. అందుకని చక్రాన్ని ఆ స్థానంలో పెట్టి చూడండి. తర్వాత ఇద్దరిని కూర్చోబెట్టి మడ్‌గార్డు కింద మళ్లీ చూడండి. ఎక్కడ ఆనుతున్నా 3.25కే తిరిగి రండి.

యమహా ఆర్‌ఎక్స్ 100 ఉన్నవారికీ ఇదే మాట: ముందు 2.50-18, వెనక 2.75-18. ఆ చురుకుదనమంతా ఆ సన్నదనంలోనే ఉంది.

కొనే ముందు టైరు పక్కన ఉన్న నాలుగంకెలు చదవండి. 2324 అంటే 2024లో 23వ వారం తయారీ. ఏళ్ల తరబడి అటకమీద ఉన్న టైరు గీతలు చెక్కుచెదరకున్నా రబ్బరు గట్టిపడి ఉంటుంది, వానలో జారుతుంది. ట్యూబు, రిమ్ము పట్టీ కొత్తవే వేయించండి. కొత్త టైరు పైపొర నునుపుగా ఉంటుంది కాబట్టి మొదటి వంద కిలోమీటర్లు మలుపుల్లో నెమ్మదిగా నడపండి.