మంచు దేన్ని పట్టుకుని ఉంది? ఉత్కియాగ్విక్ సముద్రాన్ని చూసే పద్ధతి

అలాస్కా ఉత్తరపు కొసన ఉన్న మా ఊరికి టీచరుగానో, నర్సుగానో, పరిశోధనకో వచ్చే మనవాళ్ళు దిగీదిగగానే అడిగే ప్రశ్న ఒకటుంది: "సముద్రం మీద మంచు ఎంత మందం ఉంటుంది?" ఇక్కడి బళ్ళో లెక్కలు చెప్పేదాన్ని కాబట్టి ఒక అంకె చెప్పి ఊరుకోవడం నాకు సులువే. చలికాలం చివరికి సాఫీగా పెరిగిన మంచు మీటరు దాటుతుంది. మనిషేం ఖర్మ, ట్రక్కే నిలుస్తుంది. కానీ ఆ అంకె తెలిసినంత మాత్రాన ఒరిగేదేమీ లేదు. మీటరు మందపు పలక కూడా మీద ఉన్న మనుషులతో సహా సముద్రంలోకి కొట్టుకుపోతుంది. 1997 మే నెలలో అదే అయింది. తిమింగలాల వేటకని మంచు మీద మకాం వేసిన వంద మందికి పైగా జనం, తీరం నుంచి తెగిపోయిన మంచుతో పాటు తేలిపోతే హెలికాప్టర్లు వెళ్ళి తెచ్చాయి. ఆ మంచుకి మందం తక్కువై కాదు, పట్టు తప్పి.

అందుకని ఇక్కడ రోజూ వేసుకోవాల్సిన ప్రశ్న: ఈ మంచు దేన్ని పట్టుకుని ఉంది? నేను భీమిలి పక్కన పెరిగాను. లంగరు వేయని నావ ఎంత పెద్దదైనా అందులో నిద్రపోకూడదని మా పేటలో పిల్లలకి కూడా తెలుసు. ఇక్కడి మంచుకీ లంగర్లుంటాయి. అవెక్కడున్నాయో చూడటం నేర్చుకుంటే మిగతాదంతా దాని వెనకే వస్తుంది.

ముందే ఒక మాట. ఇది చదివి ఒంటరిగా మంచు మీదకి బయల్దేరకండి. ఒడ్డున నిలబడి, ఇంట్లో కూర్చుని ఏం చూడాలో చెబుతున్నాను, అంతే.

మొదట దిక్కులు సరిచూసుకోండి. ఊరు చుక్చీ సముద్రం ఒడ్డున, వాయవ్యానికి ముఖం పెట్టి ఉంటుంది. ఈశాన్యంగా పద్నాలుగు పదిహేను కిలోమీటర్లు పోతే పాయింట్ బారో. అది దాటితే బ్యూఫోర్ట్ సముద్రం. 2016 దాకా ఊరి పేరూ బారోయే, కాబట్టి పాత చార్టుల్లో, పాత లెక్కల్లో ఆ పేరుతోనే వెతకాలి.

తీరం నుంచి బయటికి చూస్తే మంచు రెండు రకాలు. ఒడ్డుకి అతుక్కుని కదలకుండా ఉండేది ఒకటి, దాన్ని ఇక్కడి మూలవాసులైన ఇన్యూపియాట్ జనం టువాక్ అంటారు. నేను ఒడ్డు మంచు అంటాను. దానికి అవతల గాలికీ ప్రవాహానికీ తిరిగే తేలు మంచు. రెండింటి మధ్య అప్పుడప్పుడు నల్లగా నీళ్ళు తెరుచుకుంటాయి. వసంతంలో బోహెడ్ తిమింగలాలు ఆ నీళ్ళ వెంటే తూర్పుకి పోతాయి, వేటగాళ్ళు దాని అంచునే మాటు వేస్తారు. అంటే ఈ ఊరి తిండి దొరికే చోటూ, ఊరికి ప్రమాదం వచ్చే చోటూ ఒకటే.

ఒడ్డు మంచుకి లంగరు ఎలా పడుతుందంటే: తేలు మంచు వచ్చి గుద్దినప్పుడు పలకలు విరిగి ఒకదాని మీదొకటి ఎక్కి గుట్టలవుతాయి. పైకి కనపడేది కొంచెమే. ఆ ఏడాది మంచుతో లేచిన గుట్టకి నీటి పైన ఎంత ఎత్తుంటే కింద సుమారు నాలుగు రెట్ల లోతుంటుంది. పైన ఐదు మీటర్ల గుట్ట ఉంటే అడుగు ఇరవై మీటర్ల దాకా దిగి సముద్రపు నేలలో గుచ్చుకుంటుంది. అలా నేల తాకిన గుట్టలు తీరానికి సమాంతరంగా వరసకట్టాయంటే వాటి వెనక ఉన్న మంచు కాస్త నమ్మదగ్గది. ఆ వరస లేని ఏడాది, ఒడ్డు దగ్గర బల్లపరుపుగా, నడవడానికి హాయిగా ఉన్న మంచే భయపెట్టాల్సిన మంచు. కొత్తవాళ్ళకి ఇది తలకిందులుగా తోస్తుంది. నునుపైన మైదానం చూసి ముచ్చటపడతారు, గుట్టలు చూసి విసుక్కుంటారు.

ఇక గాలి. ఏ మ్యాపూ చూసే తీరిక లేకపోతే ఇదొక్కటైనా చూడండి. తూర్పు, ఈశాన్యాల నుంచి వీచే గాలి తేలు మంచుని బయటికి తోసి నీళ్ళు తెరుస్తుంది. ఇక్కడ ఎక్కువగా వీచేది అదే. పడమర, నైరుతి గాలి మంచుని లోపలికి తెచ్చి గుద్దుతుంది. గుద్దుడు గట్టిదైతే పలకలు ఒడ్డెక్కి ఇసుక మీదకి, ఒక్కోసారి రోడ్డు దాకా పాకుతాయి. దాన్ని ఇవు అంటారు. ఆ పేరు వినగానే పెద్దవాళ్ళ ముఖాలు మారిపోతాయి.

కానీ ఇంత మాత్రం తెలిస్తే సగమే తెలిసినట్టు. ఇక్కడ ఆటుపోట్లు జానెడే, వాటితో పెద్ద పని లేదు. నీటిమట్టం పెరిగేది తుఫానుతో. పడమటి గాలితో తుఫాను వస్తే నీళ్ళు ఒడ్డు వైపు పోగుపడి మట్టం లేస్తుంది, దాంతో నేలలో గుచ్చుకున్న గుట్టలు కూడా పైకి లేచి పట్టు వదిలేస్తాయి. ఆ సమయంలో పైకి ఏమీ కనపడదు. మంచు ఒడ్డుకి ఒత్తుకుని ఇంకా గట్టిగా ఉన్నట్టే ఉంటుంది. తర్వాత గాలి తూర్పుకి తిరుగుతుంది. అప్పుడు పోతుంది. కాబట్టి ఈ పూట గాలి ఒక్కటే చూస్తే లాభం లేదు, గడిచిన మూడు నాలుగు రోజుల గాలిని వరసగా చూడాలి. నేను బల్ల మీద కాగితం పెట్టుకుని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి దిక్కూ వేగమూ బాణం గుర్తుతో గీస్తాను. బాణాలు పడమర నుంచి తూర్పుకి మళ్ళిన చోట ఎర్ర సున్నా చుడతాను. పిల్లలకి వెక్టార్లు చెప్పడానికి ఇంతకన్నా మంచి పాఠం నాకు దొరకలేదు.

గాలి తర్వాత మ్యాపులు. అమెరికా జాతీయ వాతావరణ సేవ వాళ్ళ ఆంకరేజ్ ఆఫీసు అలాస్కా తీరానికి సముద్రపు మంచు చార్టు వేస్తుంది, రాబోయే రోజుల అంచనా కూడా ఇస్తుంది. అంతర్జాతీయంగా వాడే రంగుల పద్ధతిలో ఆకుపచ్చ అంటే పదింట ఒకటి నుంచి మూడు వంతులు మంచు, పసుపు నాలుగు నుంచి ఆరు, నారింజ ఏడెనిమిది, ఎరుపు తొమ్మిది పది. బూడిద రంగు కనపడితే అది ఒడ్డు మంచు. అందరి కళ్ళూ ఎరుపు మీదకి పోతాయి. మీరు బూడిద రంగు అంచు చూడండి, నిన్నటి చార్టుతో పోల్చి ఎంత జరిగిందో చూడండి.

కొన్ని చార్టుల్లో కోడిగుడ్డు ఆకారంలో అంకెలుంటాయి. మొదటిసారి చూస్తే జాతకచక్రంలా ఉంటుంది గానీ నాలుగు వరసలే. ఒక ఉదాహరణ: పైన 9, దాని కింద 6, 3, ఆ కింద 7, 5, అడుగున 5, 4. పైన 9 అంటే నీటిలో పదింట తొమ్మిది వంతులు మంచు. రెండో వరస ఆ తొమ్మిదినే పంచింది: ఆరు వంతులు ఒక రకం, మూడు ఇంకో రకం. మూడో వరస వాటి వయసు, అంటే మందం. 7 అంటే 30 నుంచి 70 సెంటీమీటర్లు, 5 అంటే 15 నుంచి 30. నాలుగో వరస పలకల సైజు. 5 అంటే అర కిలోమీటరు నుంచి రెండు కిలోమీటర్ల పలకలు, 4 అంటే 100 నుంచి 500 మీటర్లవి. అడుగు వరసలో 8 కనపడితే అది ఒడ్డుకి అతుక్కున్న మంచు. నేను గుడ్డుని కింది నుంచి పైకి చదువుతాను. మొదట 8 ఉందా లేదా, మిగతాది తర్వాత.

ఉపగ్రహ చిత్రాల్లో మామూలు ఫోటోలు మేఘం లేని వెలుతురులో బావుంటాయి, ఇక్కడ నవంబరు మూడో వారం నుంచి జనవరి మూడో వారం దాటేదాకా సూర్యుడే రాడు. అప్పుడు రాడార్ చిత్రాలే దిక్కు. యూరప్ వాళ్ళ రాడార్ ఉపగ్రహం సెంటినెల్-1 తీసే చిత్రాలకి డబ్బు కట్టనక్కర్లేదు. మన శ్రీహరికోట నుంచి 2025 జూలై 30న నాసా, ఇస్రో కలిసి పంపిన నైసార్ కూడా రాడార్ ఉపగ్రహమే, 12 రోజులకోసారి అదే దారిలో తిరిగి వస్తుంది. సూళ్ళూరుపేట పక్కన ఎగిరింది మా ఊరి మంచునీ చూస్తోందంటే, ఎంత కాదన్నా, ఛాతీ కాస్త ఉబ్బుతుంది.

రాడార్ బొమ్మ ఒక విషయంలో మోసం చేస్తుంది. నిశ్చలంగా ఉన్న నీళ్ళు నల్లగా, గుట్టల మంచు తెల్లగా వస్తాయి. అంతవరకు సరే. గాలికి అల్లకల్లోలమైన నీళ్ళూ తెల్లగానే వస్తాయి, నున్నటి కొత్త మంచూ నల్లగానే వస్తుంది. ఒక్క బొమ్మ చూసి ఏదీ తేల్చకండి. కొన్ని రోజుల తేడాతో తీసిన రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి, ఒక గుట్ట గుర్తు పట్టి, అది కదిలిందా లేదా చూడండి. కదలనిదే ఒడ్డు మంచు. ఫెయిర్‌బ్యాంక్స్‌లోని అలాస్కా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఈ తీరానికి మ్యాపులు గీసినప్పుడు సుమారు 20 రోజుల పాటు కదలని మంచునే ఆ లెక్కలో వేసుకున్నారు. ఆ విశ్వవిద్యాలయం వాళ్ళే ఊళ్ళో ఒక మేడ మీద రాడారూ, కెమెరా పెట్టారు. అవి నడుస్తున్న రోజుల్లో పది కిలోమీటర్ల దాకా మంచు కదలిక నిమిషాల లెక్కన తెలుస్తుంది.

చార్టుల మీది టైము సాధారణంగా గ్రీన్విచ్ లెక్కలో ఉంటుంది. మాకు చలికాలంలో దానికి తొమ్మిది గంటలు తక్కువ, వేసవిలో ఎనిమిది. ఇండియా నుంచి చూసేవాళ్ళు దానికి అయిదున్నర కలుపుకోవాలి. పడమటి గాలి లేచిన రోజు పది గంటల పాత బొమ్మకి విలువ లేదు.

ఇప్పుడు ఒడ్డుకి రండి. వెలుతురున్న రోజు మబ్బుల అడుగు చూడండి. మంచు మీది మబ్బు తెల్లగా మెరుస్తుంది, తెరుచుకున్న నీటి మీది మబ్బు సిరాలో ముంచినట్టు ముదురుగా ఉంటుంది. మా బడి కిటికీ లోంచి ఆ నల్ల చార కనపడగానే ఎనిమిదో తరగతి పిల్లలు నా పాఠం వదిలేసి అటు చూస్తారు. నేనేమీ అనను. గట్టి చలిలో తెరుచుకున్న నీళ్ళ మీంచి పొగలా ఆవిరి లేస్తుంది, అదీ గుర్తే. తర్వాత చూపు దగ్గరికి తెచ్చి నెర్రెలు వెతకండి. పాత నెర్రెలో మంచుపొడి నిండి అంచులు మెత్తబడి ఉంటాయి. కొత్త నెర్ర అంచులు కత్తిరించినట్టుంటాయి, లోపల తడి కనపడుతుంది. ఇక మంచు మీద పడిన హిమం దుప్పటి లాంటిది, దాని కింద మంచు నెమ్మదిగా పెరుగుతుంది. తెల్లగా దట్టంగా ఉన్న చోట అడుగున పల్చగా ఉండొచ్చు.

పక్కింటి పెద్దాయన్ని పిల్లలంతా ఆపా అని పిలుస్తారు, నేనూ అంతే. ఆయన చేతిలో ఉనాక్ ఉంటుంది, ఒక కొసన ఇనుప మొన, ఇంకో కొసన కొక్కెం ఉన్న పొడవాటి కర్ర. అక్టోబరు, నవంబరుల్లో కొత్త మంచు అంచుకి వెళ్ళినప్పుడు ఆయన ముందు పాదం వెయ్యడు, మొన వేస్తాడు. ఒక్క పోటు గట్టిగా పొడిచి, చేతికి తగిలిన తీరూ, వినపడిన చప్పుడూ చూసుకుంటాడు. ఒకే పోటుకి మొన దిగి నీళ్ళు పైకొస్తే వెనక్కి తిరుగుతాడు. ఉప్పునీటి మంచు మంచినీటి చెరువు మీది మంచులా ఫెళ్ళున పగలదు. పల్చగా ఉన్నప్పుడు రబ్బరులా వంగుతుంది, వంగుతూ మోస్తున్నట్టే ఉంటుంది. చెరువు మంచు అలవాటున్న చోటు నుంచి వచ్చినవాళ్ళు ఇక్కడే దెబ్బ తింటారు.

అడిగే పద్ధతి కూడా నేర్చుకోవాలి. "వెళ్ళొచ్చా?" అని అడిగితే మర్యాదకి "నీ ఇష్టం" అంటారు. "ఈ ఏడు గుట్టలు ఎక్కడ నేల తాకాయి?", "మీవాళ్ళు ఎప్పుడు వెనక్కొచ్చారు?" అని అడగండి, పది నిమిషాల్లో మ్యాపు చెప్పనిది తెలుస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో వేట బృందాలు గుట్టల మధ్య గునపాలతో దారులు కొడతాయి. అవి వాళ్ళ కష్టం, పిలవకుండా వాటి మీద పోవద్దు. పిలిస్తే ముదురు రంగు కోటు పైన తెల్ల తొడుగు వేసుకోండి, గొంతు తగ్గించండి. వీహెచ్‌ఎఫ్ రేడియో, ఆపదలో మనం ఉన్న చోటు తెలిపే లొకేటర్ బీకన్, ధ్రువపు ఎలుగుబంటి కోసం కాపలా కాసే మనిషి, ఈ మూడూ లేని బృందంతో వెళ్ళకండి.

వేరే తీరాల వాళ్ళకి వేరే దారులున్నాయి. బేరింగ్ జలసంధి వైపు ఊళ్ళకి 2010 నుంచి వసంతంలో వాల్రస్ వేట కోసం వారం వారం మంచు నివేదిక వస్తోంది, అందులో వేటగాళ్ళు పంపిన మాటలూ ఫోటోలూ ఉంటాయి. కెనడాలో మంచు సంగతులు పంచుకునే సికు అనే యాప్, స్లెడ్జికి కట్టి లాగే మందం కొలిచే పరికరాలతో స్మార్ట్‌ఐస్ వాళ్ళూ ఉన్నారు.

జూన్ వస్తే మంచు మీద నీలంగా మడుగులు కడతాయి, మందం ఉన్నా లోపల గుల్ల అయిపోతుంది. జూలైలో ఒడ్డు మంచు తెగిపోతుంది. ఆ తర్వాత మంచు లేదు కదా అని చార్టు మూసేయకండి. ఒకప్పుడు అక్టోబరుకే గడ్డకట్టే నీళ్ళు ఇప్పుడు చాలా ఏళ్ళు నవంబరు దాకా తెరిచే ఉంటున్నాయి. ఇక్కడి శరత్తు ఎంత వేగంగా వేడెక్కిందంటే, 2017లో అమెరికా వాతావరణ, సముద్ర సంస్థ నోవా వాళ్ళ కంప్యూటర్ ఈ ఊరి ఉష్ణోగ్రతలు నిజం కావనుకుని లెక్కలోంచి తీసేసింది. మంచు అడ్డం లేని ఆ వారాల్లో పడమటి గాలికి లేచిన కెరటాలు నేరుగా కట్టని కొడతాయి. సెప్టెంబరు, అక్టోబరుల్లో చార్టులో ఊరి ముందు నీలం రంగు (అంటే మంచు లేని నీళ్ళు), గాలి అంచనాలో గట్టి పడమర ఒకే రోజు కనపడితే ఆ రాత్రి కారు ఒడ్డు రోడ్డు మీద వదలకండి, ఊరి వెనక్కి తీసుకెళ్ళి పెట్టండి.