శివారు ఊరి చరిత్రను నగర ప్రణాళికలోకి చేర్చడం ఎలా: బరంపురం పరిసరాల స్థానిక చరిత్ర సంఘాలకు ఒక మార్గదర్శి

ఒడిశాలోని గంజాం జిల్లాలో ఉన్న బరంపురం 1867లో పురపాలక సంఘమైంది, 2008లో నగరపాలక సంస్థగా మారింది. ఈ కాలమంతటా చుట్టుపక్కల పల్లెలు ఒక్కొక్కటిగా నగరానికి శివార్లు అవుతూ వచ్చాయి. పొలాలు ఇళ్ల స్థలాలయ్యాయి, బండిదారులు సిమెంటు రోడ్లయ్యాయి, బందలు (ఊరి చిన్న చెరువులు) చాలావరకు పూడిపోయాయి. ఊరు పెరగడాన్ని ఎవరూ ఆపలేరు, ఆపవలసిన పనీ లేదు. అయితే ఏది ఎక్కడ ఉండేదో తెలియకుండా ప్రణాళిక గీసిన చోట వాననీరు తన పాత దారినే పట్టుకుని కొత్త ఇళ్లలోకి వస్తుంది. ఆ దారి తెలిసిన పెద్దవాళ్లు ఇంకా మన వీధుల్లోనే ఉన్నారు. వారికి తెలిసినదాన్ని ప్లాట్ నంబరుతో సహా కాగితం మీద పెట్టి, ప్రణాళికా కార్యాలయం ఫైలులో చేర్చేంత వరకు చరిత్ర సంఘం పని పూర్తయినట్టు కాదు. ఈ వ్యాసం ఆ పనిని మొదటి నుంచి చివరి వరకు ఎలా చేయాలో చెప్పడానికి రాసినది.

సంఘం పెట్టడం అన్నిటికంటే సులువైన భాగం. 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడుగురు సభ్యులుంటే చాలు. నియమావళిలో చరిత్ర సేకరణతో పాటు స్థానిక ప్రణాళికపై అభిప్రాయాలు సమర్పించడం కూడా ఒక ఉద్దేశంగా మొదటే రాసుకుంటే, తరువాత ఎవరూ మీకు దీనితో ఏమి సంబంధమని అడగలేరు. సభ్యుల ఎంపికలో మాత్రం తొందరపడకూడదు. మన శివార్లలో ఒకే వీధిలో తెలుగు ఇళ్లూ ఒడియా ఇళ్లూ కలిసి ఉంటాయి. తెలుగువారు మాత్రమే ఉన్న సంఘం ఊరిలో సగం జ్ఞాపకాన్ని వదిలేసుకుంటుంది. అలాగే గుడి ధర్మకర్తలు, భూస్వాముల కుటుంబాలు చెప్పినదే ఊరి చరిత్రగా స్థిరపడిపోవడం చాలా చోట్ల జరుగుతుంది. ఊరి చివరి దళితవాడలో నీళ్ల బావి ఎప్పుడు తవ్వారు, శ్మశానానికి దారి ఎటు ఉండేది, ఏ వీధిలోకి ఎవరిని రానిచ్చేవారు కాదు అన్నవి కూడా చరిత్రే. ఆ వాడ నుంచి కనీసం ఇద్దరు కార్యవర్గంలో లేకపోతే ఆ సమాచారం రికార్డులోకి రాదు.

తరువాతి పని కాగితాల సేకరణ. గంజాం 1936 ఏప్రిల్ 1 వరకు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది; ఆ రోజున ఒడిశా రాష్ట్రం ఏర్పడి అందులో కలిసింది. దీనివల్ల మన ఊళ్ల పాత రికార్డులు రెండు చోట్ల ఉన్నాయి. అంతకుముందు నాటి మద్రాసు ప్రభుత్వ రెవెన్యూ కాగితాలు చూడాలంటే చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు పురాలేఖాగారానికి, తరువాతివాటికి భువనేశ్వర్‌లోని ఒడిశా రాష్ట్ర పురాలేఖాగారానికి వెళ్లాలి. అయితే ప్రయాణాలకు ముందే మీ వీధిలోని ఇనప్పెట్టెలను అడగండి. మద్రాసు కాలంలో రాసిన తెలుగు దస్తావేజులు ఎన్నో కుటుంబాల దగ్గర ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి.

ఆ దస్తావేజుల్లో అమ్మినవారి పేరు, కొన్నవారి పేరు, ధర చూసి పక్కన పెట్టేయడం మామూలు. చరిత్ర సంఘానికి కావలసినది చెక్కుబందీలో, అంటే హద్దుల వివరంలో ఉంటుంది. తూర్పున ఫలానావారి పల్లపు భూమి, దక్షిణాన గెడ్డ (వాగు), పడమట పోరంబోకు బంద, ఉత్తరాన బండిదారి అని నాలుగు హద్దులూ రాసి ఉన్న ఒక్క కాగితం, ఈనాడు కనిపించని మూడు విషయాలను ఒకేసారి చూపిస్తుంది. ఒకే ప్రాంతంలోని పది దస్తావేజుల హద్దులను ఒక పెద్ద కాగితం మీద పక్కపక్కన గీసి చూడండి. గెడ్డ ఎటు నుంచి వచ్చి ఎటు పోయేదో గీత తనంతట తానే కలుస్తుంది. ఈ పని బడిపిల్లలు కూడా చక్కగా చేయగలరు, చేయించాలి కూడా.

తేదీల విషయంలో జాగ్రత్త అవసరం. మద్రాసు రెవెన్యూ కాగితాల్లో ఫసలీ సంవత్సరం, అంటే జూలైలో మొదలయ్యే రెవెన్యూ సంవత్సరం ఉంటుంది. దానికి 590 కలిపితే ఆ ఫసలీ మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఫసలీ 1346 అంటే 1936 జూలై నుంచి 1937 జూన్ వరకు. తెలుగు సంవత్సరం పేరు ఒక్కటే ఉన్న కాగితానికి వెంటనే తేదీ వేయకూడదు. ధాత అంటే 1936 కావచ్చు, 1876 కావచ్చు; స్టాంపు కాగితం, సాక్షుల పేర్లు, చేతిరాత చూసిన తరువాతే నిర్ణయించాలి.

అసలు కాగితాలను సంఘం తన దగ్గర ఉంచుకోకూడదు. ఆ ఇంటి అరుగు మీదే, వారి ఎదుటే, పగటి వెలుతురులో ఫొటో తీసి లేదా స్కాన్ చేసి అక్కడికక్కడే తిరిగి ఇవ్వాలి. ప్రతి ఫైలుకు ఊరు, వీధి, సంవత్సరం, క్రమసంఖ్య కలిపి పేరు పెట్టి, మూడు ప్రతులను వేర్వేరు చోట్ల దాచాలి. తాళపత్రాలు దొరికితే నూనె రాయడం, నీటితో తుడవడం లాంటివి చేయకుండా భువనేశ్వర్‌లోని ఒడిశా రాష్ట్ర మ్యూజియం నిపుణులను సంప్రదించాలి. తాళపత్రాల విషయంలో ఆ మ్యూజియానికి గొప్ప అనుభవం ఉంది. దస్తావేజులను బయట ప్రచురించకూడదు. అన్నదమ్ముల వాటాల తగాదాకు మన రికార్డు ఒక్కసారి సాక్ష్యమైతే, ఆ తరువాత ఏ ఇంటివారూ మనకు పెట్టె తెరవరు.

కాగితాల్లో లేనిది పెద్దవాళ్ల నోట వినాలి. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవరలనే గిరిజనుల భాషను వారి నోటనే విని నేర్చుకుని, వారు పలికినట్టే రాసుకున్నారు. మన పనికీ అదే పద్ధతి సరిపోతుంది: చెప్పినవారి మాటను దిద్దకుండా రాయాలి. కుర్చీలో కూర్చోబెట్టి ఊరి చరిత్ర చెప్పమంటే చాలామంది మొహమాటపడి ఒకటి రెండు మాటలతో ఆపేస్తారు. అదే మనిషిని వెంటబెట్టుకుని వీధి చివరకు నడిస్తే జ్ఞాపకాలు వాటంతట అవే వస్తాయి. ప్రశ్న చిన్నదిగా, చేతికి అందేదిగా ఉండాలి. “మామ్మగారూ, మీరు కాపురానికి వచ్చిన ఏడు ఈ బందలో నీళ్లు ఏ నెల వరకు ఉండేవి? గుడ్డలు ఏ గట్టున ఉతికేవారు?” అని అడిగితే నీటి లోతు, మెట్ల రేవు, గట్టు మీది చెట్టు, ఏ కులం వారికి ఏ గట్టు అన్న సంగతి వరకు అన్నీ బయటికి వస్తాయి. సంవత్సరం అడిగితే తడబడేవారిని అందరికీ గుర్తున్న సంఘటనతో కలిపి అడగాలి: ఒడిశా ఏర్పడక ముందా, 1942లో బర్మా నుంచి జనం తిరిగి వచ్చినప్పుడా, 1972లో గోపాలపురం తుఫానుకు ముందా వెనకా, 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను వచ్చిన నాటికి ఆ చెట్టు ఉందా లేదా అని. మాట్లాడే ముందే రికార్డు చేస్తున్నామని చెప్పి అనుమతి తీసుకోవాలి. వద్దన్న మాటను తీసేయాలి.

ఇక ఈ రెండింటినీ ఇప్పటి భూమి లెక్కకు కలపాలి. చాలా సంఘాలు ఇక్కడికి రాకుండానే ఒక సంచిక వేసి ఆగిపోతాయి, అది నాకు బాధ కలిగిస్తుంది. ఎందుకంటే ఎంత మంచి సంచిక వేసినా అది ప్రణాళికాధికారి బల్ల మీదికి చేరదు. పాత సర్వే నంబర్లు తరువాతి సెటిల్మెంట్లలో (భూమి రికార్డులను కొత్తగా రాసినప్పుడు) మారాయి, భూమి వర్గాల పేర్లూ మారాయి. మద్రాసు రికార్డులో పోరంబోకు అని ఉన్నది ఒడిశా ఖతియానులో (భూమి హక్కుల రికార్డులో) రఖిత్ (ప్రత్యేకించి ఉంచిన భూమి) ఖాతాలోనో, సర్వసాధారణ (అందరి వాడకానికి ఉన్న భూమి) ఖాతాలోనో కనిపించవచ్చు. అందుచేత ఒక వెడల్పాటి రిజిస్టరు తీసుకుని ప్రతి స్థలానికి ఒక పేజీ కేటాయించాలి. పైన జనం పిలిచే పేరు తెలుగులోను ఒడియాలోను, కింద పాత సర్వే నంబరు, ఇప్పటి మౌజా (రెవెన్యూ గ్రామం), ఖాతా, ప్లాట్ నంబర్లు, ఖతియానులో రాసిన కిసమ్ (భూమి రకం), విస్తీర్ణం, ఆధారమైన దస్తావేజు క్రమసంఖ్య, చెప్పినవారి వివరం, చివరగా ఈనాడు అక్కడ ఏముందో చూపే ఫొటో ఉండాలి. ఇప్పటి వివరాలు ఒడిశా ప్రభుత్వ భూమి రికార్డుల వెబ్‌సైటు భూలేఖ్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. జనం బంద అంటున్నది, దస్తావేజు బంద అంటున్నది, ఖతియానులో మాత్రం వేరే కిసమ్ ఉన్నది అన్న పేజీలకు ఎర్ర గుర్తు పెట్టండి. మీ సంఘం ముందుగా పట్టించుకోవలసినవి అవే.

చెరువులు, బందల విషయంలో మనకు గట్టి ఆధారం ఉంది. 2001లో హించ్ లాల్ తివారీ కేసులోను, 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులోను సుప్రీంకోర్టు ఊరి చెరువులను ఉమ్మడి ఆస్తిగా కాపాడాలని స్పష్టం చేసింది. పాత కట్టడాలకు ఇంత సులువైన దారి లేదు. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడమైతే చుట్టూ 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణంపై నిషేధం, ఆపైన మరో 200 మీటర్ల వరకు నియంత్రణ ఉంటాయి. వీధిలోని మండువా ఇంటికో, పాత సత్రానికో ఆ రక్షణ వర్తించదు. అలాంటివాటిని ప్రణాళికలో వారసత్వ స్థలాలుగా చేర్చమని ఆధారాలతో కోరడం, యజమానులతో స్నేహంగా ఉండడం తప్ప వేరే మార్గం లేదు.

సమర్పించవలసిన వేదిక మీ ఊరు ఏ పరిధిలో ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. నగరపాలక సంస్థలో కలిసిన చోట వార్డు కమిటీ ఉంది. మూడు లక్షలు, అంతకు మించిన జనాభా ఉన్న పట్టణాల్లో అది ఉండాలని రాజ్యాంగం 243ఎస్ అధికరణం చెబుతోంది, 2011 లెక్కల్లోనే బరంపురం మూడున్నర లక్షలు దాటింది. ఇంకా పంచాయతీలో ఉన్న ఊరైతే ఏటా ఫిబ్రవరిలో జరిగే పల్లిసభలో (ఊరి ఓటర్ల సభలో) తీర్మానం చేయించాలి. సంఘం రాసిన ఉత్తరానికంటే పల్లిసభ తీర్మానానికి బరువు ఎక్కువ. ఈ రెండింటి మీద బరంపురం అభివృద్ధి సంస్థ తయారుచేసే ప్రణాళిక ఉంటుంది. దాని ముసాయిదా వెలువడినప్పుడు ప్రకటనలో ఇచ్చిన గడువులోగా అభ్యంతరాలు, సూచనలు చేరాలి. ఆ గడువు మొదలైన తరువాత సమాచారం సేకరించబోతే సమయం చాలదు. రిజిస్టరు ముందే సిద్ధంగా ఉంటే అవసరమైన పేజీల నకళ్లు తీసి జతచేస్తే సరిపోతుంది.

అర్జీ ఒడియాలో రాయించండి. ఏ ఫిర్యాదునైనా రాష్ట్రంలో వాడే ఏ భాషలోనైనా ఇచ్చుకునే హక్కును 350వ అధికరణం ఇస్తుంది, తెలుగు ప్రతిని జతచేయవచ్చు. కానీ చదవవలసిన గుమాస్తాకు అర్థమయ్యే భాషలో ఉన్న అర్జీయే త్వరగా కదులుతుంది. ఒక అర్జీలో ఒక స్థలం గురించి మాత్రమే రాయాలి. మొదటి పేరాలోనే ప్లాట్ నంబరు, కోరుతున్న మార్పు ఉండాలి. ఊరి గొప్పదనం గురించిన పేరాలు అక్కడ అక్కరలేదు. విచారణకు పిలిస్తే ఆ బంద పక్కన పుట్టి పెరిగిన పెద్దావిడను వెంట తీసుకువెళ్లండి.

ప్రతి అర్జీకి తేదీ ముద్రతో రసీదు ప్రతి తీసుకుని రిజిస్టరులో ఆ స్థలం పేజీకే అంటించాలి. జవాబు రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టి, మీ సూచనపై ఫైలులో ఏమి రాశారో నకలు కోరవచ్చు. సాధారణంగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. తిరస్కరించిన కారణం తెలిస్తే, తరువాతి సవరణకు ఏ ఆధారం తక్కువైందో తెలుస్తుంది. ఆ కారణాన్ని కూడా అదే పేజీలో రాసి, కార్యవర్గం మారినప్పుడు రిజిస్టరును సంతకాలతో కొత్తవారికి అప్పగించండి.