చీకటి మేఘంలో పీడనం – నాలుగో పాఠం: గేజి లేకుండా లెక్క

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. మే నెలాఖరున బెజవాడలో 45 డిగ్రీలు చూసినవాళ్ళకి ఆ మాట విడమర్చి చెప్పక్కర్లేదు. ఆ కార్తెకి పేరిచ్చిన రోహిణి నక్షత్రం ఉన్న దిక్కునే, దానికి చాలా వెనక, సుమారు 450 కాంతి సంవత్సరాల దూరంలో వృషభరాశి అణు మేఘం (అణువుల రూపంలో చల్లటి వాయువు, ధూళి నిండిన చీకటి మేఘం) ఉంది. అక్కడి వాయువు 10 కెల్విన్ దగ్గర, అంటే సున్నా డిగ్రీలకి 263 డిగ్రీలు దిగువన ఉంటుంది. కార్తీకంలో రాత్రి పొద్దుపోయాక మన నడినెత్తికి వస్తుంది. కృత్తికలకి తూర్పుగా, రోహిణికి ఉత్తరంగా చూడాలి. ఊరి దీపాల వెలుగులో కంటికి ఏమీ ఆనదు, ముందే చెబుతున్నాను.

అలాంటి మేఘంలో వాయు పీడనం లెక్కగట్టడమే ఈ పాఠంలో మన పని. కాలిక్యులేటరు, కిందటి పాఠంలో గీసుకున్న కార్బన్ మోనాక్సైడ్ స్పెక్ట్రమ్ (ఏ పౌనఃపున్యం దగ్గర ఎంత వికిరణం వస్తోందో చూపే గ్రాఫు, అందులో పైకి లేచిన చోటే గీత) దగ్గర పెట్టుకోండి.

గుంటూరు నుంచి ఒక డిగ్రీ విద్యార్థిని అడిగింది: "బంకులో టైరుకి పెట్టినట్టు గేజి ఎక్కడ పెడతారండీ?" ఎక్కడా పెట్టరమ్మా. పీడనాన్ని నేరుగా ఎవరూ కొలవరు. ఉష్ణోగ్రత ఎంతో, ఘన సెంటీమీటరుకి ఎన్ని అణువులున్నాయో విడివిడిగా రాబట్టి గుణిస్తారు. ఇంటర్‌లో చదివిన ఆదర్శ వాయు సమీకరణమే ఇది. కాకపోతే ఖగోళ శాస్త్రంలో బోల్ట్‌జ్‌మన్ స్థిరాంకాన్ని పక్కన పెట్టేసి, ఆ లబ్ధాన్నే పీడనంగా చెప్పుకుంటారు. ఎండాకాలం మధ్యాహ్నం బెజవాడ గాలి తీసుకోండి: ఘన సెంటీమీటరుకి 2.3 × 10¹⁹ అణువులు, 318 కెల్విన్. గుణిస్తే 7.3 × 10²¹. మేఘం లెక్క తేలాక ఈ సంఖ్య పక్కన పెట్టి చూసుకోండి.

ముందు ఉష్ణోగ్రత సంగతి. మేఘంలో ఎక్కువ భాగం హైడ్రోజన్ అణువులే. వాటినే అడుగుదామంటే, హైడ్రోజన్ అణువుకి పై మెట్టు ఎక్కి కిరణం వదలడానికి 510 కెల్విన్ శక్తి కావాలి (ఇక్కడ శక్తిని కూడా ఉష్ణోగ్రత కొలతలోనే చెబుతారు). 10 కెల్విన్ చలిలో అది నోరు విప్పదు. అందుకే కార్బన్ మోనాక్సైడ్‌ని ఆశ్రయిస్తాం. దానికి మొదటి మెట్టు 5.53 కెల్విన్ ఎత్తులోనే ఉంది. అక్కణ్ణించి దిగేటప్పుడు 115.27 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో గీత వదులుతుంది. 1970లో విల్సన్, జెఫర్ట్స్, పెంజియస్ ఈ గీతని ఒరాయన్ వైపు పట్టుకున్నారు. (మన కోస్తా ఉక్కపోతలో ఈ తరంగాలు పట్టడం కష్టం, గాలిలో తేమ వాటిని మింగేస్తుంది. ఆల్మా రేడియో టెలిస్కోపుని చిలీలోని అటకామా ఎడారిలో 5,000 మీటర్ల ఎత్తున పెట్టింది ఇందుకే.)

మామూలు కార్బన్ మోనాక్సైడ్ గీత మేఘంలో ఎంత చిక్కగా ఉంటుందంటే, మనకి కనబడేది దాని పైపొర మాత్రమే. ఉష్ణోగ్రతకి అదే కలిసొస్తుంది, గీత శిఖరం ఎత్తుని బట్టి నేరుగా చెప్పేయొచ్చు:

ఉష్ణోగ్రత = 5.53 ÷ ఎల్ఎన్ [1 + 5.53 ÷ (శిఖరం + 0.84)] (ఎల్ఎన్ అంటే సహజ లాగరిథమ్; గీత శిఖరం ఎత్తుని కూడా కెల్విన్‌లోనే చెబుతారు)

ఆ 0.84 విశ్వమంతా పరుచుకున్న 2.73 కెల్విన్ నేపథ్య వికిరణం వాటా. మన స్పెక్ట్రమ్‌లో శిఖరం 6.6 కెల్విన్. 6.6 + 0.84 = 7.44. 5.53ని దాంతో భాగిస్తే 0.743. 1.743కి ఎల్ఎన్ 0.556. 5.53 ÷ 0.556 అంటే సుమారు 10 కెల్విన్. మీకు 23 వచ్చిందా? అయితే ఎల్ఎన్ మీట బదులు లాగ్ మీట నొక్కారు.

సాంద్రత దగ్గర అసలు టెన్షన్ మొదలవుతుంది. చిక్కటి గీత లోపలి సరుకు చూపించదు కాబట్టి, ఇక్కడ కార్బన్-13 (మామూలు కార్బన్ కన్నా కాస్త బరువైన రకం) ఉన్న అరుదైన మోనాక్సైడ్ గీత వాడతాం, 110.2 గిగాహెర్ట్జ్ దగ్గర. సుమారు 6, 7 లక్షల హైడ్రోజన్ అణువులకి అలాంటిది ఒకటి ఉంటుందని లెక్క. దాన్నిబట్టి మన చూపు దారిలో చదరపు సెంటీమీటరుకి 3 × 10²¹ హైడ్రోజన్ అణువులు తేలాయనుకుందాం. దీన్ని మేఘం లోతుతో భాగించాలి. లోతు ఎవరికి తెలుసు? ఆకాశంలో ఎంత వెడల్పుందో లోతూ అంతేనని అనుకోవడమే. మన మేఘం 1.27 డిగ్రీల వెడల్పు, అంటే రెండున్నర పున్నమి చంద్రుళ్ళంత. 450 కాంతి సంవత్సరాల దూరానికి అది 10 కాంతి సంవత్సరాలు, 9.5 × 10¹⁸ సెంటీమీటర్లు. భాగిస్తే ఘన సెంటీమీటరుకి 300 అణువులు వచ్చాయి. ఈ 300 నిజానికి 150 కావచ్చు, 600 కూడా కావచ్చు. సాంద్రతని మూడు దశాంశాల దాకా రాసే విద్యార్థికి నేనైతే మార్కులు కోసేస్తాను.

300 × 10 = 3,000. బెజవాడ గాలి పీడనంలో రెండు కోట్ల కోట్ల కోట్ల వంతు కూడా కాదు అనేయబోయేముందు సున్నాలు లెక్కపెట్టండి: తేడా సుమారు 2.4 × 10¹⁸ రెట్లే, అంటే 24 వేల కోట్ల కోట్లు.

నాకు ఆసక్తి కలిగించేది వేరే పోలిక. మేఘాల బయట పల్చటి వాయువులో పీడనాన్ని జెంకిన్స్, ట్రిప్ 2011లో హబుల్ టెలిస్కోపు స్పెక్ట్రమ్‌లతో, 89 నక్షత్రాల దిక్కుల్లో, తటస్థ కార్బన్ గీతల నిష్పత్తులను బట్టి రాబట్టారు. సగటు సుమారు 3,800. లోపల 3,000, బయట 3,800. రెండూ ఇంచుమించు సమానమే, ఇక మేఘం హాయిగా తూకంలో ఉందని పుస్తకం మూసేయాలనిపిస్తుంది. మూయకండి, గీత వెడల్పు ఇంకా చూడలేదు. వాయువు మనవైపూ అవతలివైపూ కదులుతుంటే గీత వెడల్పవుతుంది, అందుకే ఆ వెడల్పుని వేగంలో చెబుతారు.

10 కెల్విన్ వేడి ఒక్కటే కారణమైతే ఈ గీత సగం ఎత్తు దగ్గర సెకనుకి 0.13 కిలోమీటర్ల వెడల్పే ఉండాలి. కార్బన్-13 గీతని కొలిస్తే 1.9 ఉంది. (చిక్కటి గీత వెడల్పు వాడొద్దు, అది అసలుకన్నా లావుగా కనబడుతుంది.) మిగతాదంతా మేఘంలో ముద్దలు ముద్దలుగా వాయువు పరుగులు తీయడం, అంటే టర్బులెన్స్. దాని పీడనానికి దగ్గరిదారి: 340 × అణు సాంద్రత × వేగ విస్తరణ (వేగాలు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే కొలత, సెకనుకి కిలోమీటర్లలో) వర్గం. విస్తరణ కోసం వెడల్పుని 2.355తో భాగించండి: 0.81. వర్గం 0.65. 340 × 300 × 0.65 = 66,000 పైచిలుకు. వేడి వల్ల వచ్చిన పీడనానికి ఇది 22 రెట్లు! అంత పీడనాన్ని బయటి 3,800 అదిమి పట్టలేదు. పట్టి ఉంచేది చాలావరకు మేఘం సొంత గురుత్వాకర్షణే.

దీన్ని మారుమాటాడకుండా పీడనమనేయడం నాకంత నచ్చదు. మేఘం లోపలికి కూలుతున్నా గీత వెడల్పవుతుంది, ఆ కదలిక మేఘాన్ని మోయదు. కాబట్టి ఎవరైనా మేఘం పీడనం ఇంత అంటే, గీత ఎత్తుతో వచ్చిందా, వెడల్పుతో వచ్చిందా అని అడగండి.

అభ్యాసం: శిఖరం 12 కెల్విన్, చూపు దారిలో 10²² అణువులు, లోతు 10 కాంతి సంవత్సరాలు, వెడల్పు సెకనుకి 3 కిలోమీటర్లు. మొదటి పీడనం 16,000, రెండోది 5 లక్షల 80 వేల దరిదాపుల్లో రావాలి. తర్వాత లోతుని 20 కాంతి సంవత్సరాలు చేసి మళ్ళీ కట్టండి. రెండు పీడనాలూ సగమవుతాయి, వాటి నిష్పత్తి మాత్రం కదలదు. ఎందుకో నోటుబుక్కులో రెండు ముక్కలు రాసి ఉంచండి. అయిదో పాఠంలో అయస్కాంత క్షేత్రం పీడనాన్ని కలిపేటప్పుడు ఆ వెసులుబాటు మనకుండదు.